తెగిన అక్షరం

క్రిందటి సంచికలో నామినేషన్ గురించి రాసినదానికి షోలాపూరు నుంచీ, బరంపురం నుంచీ, హోసూరు నుంచీ ఉత్తరాలు వచ్చాయి. అందరికీ విడివిడిగా జవాబులు రాశాను. ఈసారి డిపాజిట్లూ వడ్డీలూ పక్కన పెడుతున్నాను. నేను చేసిన ఒక పొరపాటు సంగతి చెప్పుకోవాలి. అది జరిగింది మన కుటుంబాల పట్టికలో కనుక మీకు లెక్క అప్పజెప్పడం నా ధర్మం. మధ్యలో కాస్త కంప్యూటరు భాష దొర్లుతుంది. కంగారు పడకండి. బ్యాంకు కౌంటరు ముందు ఒక్కసారైనా నిలబడినవారికి తెలిసిన విషయమే, పేర్లే కొత్త.

మా బళ్ళారిలోని తెలుగు కుటుంబాల వివరాలు అయిదు పెద్ద రిజిస్టర్లలో ఉన్నాయి. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిశాక, మనవాళ్ళ లెక్క ఒకచోట ఉంటే మంచిదని అప్పటి పెద్దలు మొదలుపెట్టారు. ఇంటిపేరు, యజమాని పేరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏం చేస్తారు, ఇంట్లో ఎవరెవరు, అంతే. చివరి గడిలో ‘భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు’ అన్నట్టు ఉంటుంది. కొన్ని పేజీల్లో సిరా వెలిసిపోయింది. కొన్నింటిని చెదపురుగులు రుచి చూశాయి. ఇద్దరు రిటైరైన మాస్టార్లూ నలుగురు ఆడపిల్లలూ రెండేళ్ళపాటు సాయంకాలాలు కూర్చుని వాటిని కంప్యూటరులోకి ఎక్కించారు. అదంతా పుస్తకంగా అచ్చు వేయించే పని నా మీద పడింది. బి.కాం. చదివాడు, ముప్ఫై ఏళ్ళకు పైగా లెడ్జర్లతో కాపురం చేశాడు, ఇతని చేతిలో తప్పు జరగదని వాళ్ళ నమ్మకం.

టైపు చేసిన ఫైలును ప్రెస్సువారు అడిగిన పద్ధతిలోకి మార్చాలి. ప్రతి కుటుంబానికీ వరస నంబరు వేయాలి, గడులు అటూ ఇటూ జరపాలి. చేత్తో చేస్తే నెలల పని. బెంగుళూరులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దసరాకి వచ్చినప్పుడు నాకు నోడ్ అనే దానిలో ఓనమాలు దిద్దించింది. వెబ్ పేజీల కోసం పుట్టిన జావాస్క్రిప్ట్ భాషను బయటి పనులకు కూడా వాడుకునే ఏర్పాటు అది. ర్యాన్ డాల్ అనే ఆయన 2009లో బయటపెట్టాడు. అందులో నాకు బాగా నచ్చింది స్ట్రీము. కొత్తగా సైకిలు నేర్చుకున్న కుర్రాడు పక్కింటికి కూడా సైకిలెక్కే వెళ్తాడు చూడండి, నా వరసా అలాగే అయింది. పట్టిక పనికి నేను రాసిన ప్రోగ్రాము మొత్తం స్ట్రీముల మీదే నడిపించాను.

ప్రూఫులు వచ్చాయి. కుటుంబాల సంఖ్య రిజిస్టర్లతో సరిపోయింది. వరసల సంఖ్య సరిపోయింది. అచ్చుకి సంతకం పెట్టేద్దామని కలం తీశాను. “ఎవరి పేజీ వాళ్ళకి ఒకసారి చూపించకూడదూ?” అంది మా ఆవిడ. అలా చూపించబట్టే బతికిపోయాను.

కౌల్‌బజారులో ఒక పెద్దమ్మ ఉంది. ఎనభై దాటింది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన వయసులో ఉండగా ఆదోని వైపు నుంచి వచ్చి ఇక్కడ పత్తి మిల్లులో చేరాడు. పేజీ చేతికిస్తే ఆమె కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

“ఇదేంది నాయనా, ఆయన పేరు మధ్యలో ఈ గళ్ళేంది?”

తీసుకుని చూశాను. పేరులో ‘ద్ర’ ఉండవలసిన చోట నల్లటి వజ్రాలు మూడు, ఒక్కొక్కదానిలో తెల్ల ప్రశ్నార్థకం. వాటి పక్కన ఆధారం లేకుండా వేలాడుతున్న రావత్తు. ‘ద’ మాయమైపోయింది.

“అచ్చులో పొరపాటు పెద్దమ్మా, సరిచేయిస్తాను” అన్నాను.

“చేయించప్పా. రేషను కార్డు కన్నడంలో ఉండాది. పింఛను బుక్కు ఇంగ్లీషులో ఉండాది. ఆయన పేరు తెలుగులో రాసుండేది ఈ బుక్కులోనే.”

ఇంటికి వచ్చి ఫైలంతా వెతికాను. అలాంటివి పంతొమ్మిది చోట్ల దొరికాయి. ఒకచోట ఊరి పేరు, ఒకచోట వృత్తి, ఎక్కువ చోట్ల మనుషుల పేర్లు. టైపు చేసినవాళ్ళ ఫైలు తీసి చూస్తే అందులో అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. అంటే పేర్లను పాడుచేసింది నా ప్రోగ్రామే.

బి.కాం. రెండో సంవత్సరంలో మాకు ఒక పాఠం ఉండేది. ట్రయల్ బ్యాలెన్సు రెండు వైపులా సరిపోయినంత మాత్రాన పుస్తకాల్లో తప్పు లేదని అనుకోకూడదు. దానికి చిక్కని తప్పులు కొన్ని ఉంటాయి. అసలు రాయకుండా వదిలేసింది, ఒకరి ఖాతాకి బదులు ఇంకొకరి ఖాతాలో రాసింది, ఇలాంటివి. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు మంచి మార్కులే వచ్చాయి. ఇంత కాలానికి దాని అర్థం తెలిసింది.

రాత్రి అమ్మాయికి ఫోను చేశాను.

“నాన్నా, ముక్క వచ్చినప్పుడల్లా దాన్ని వెంటనే అక్షరాల్లోకి మార్చేస్తున్నావా?” అంది. నేను ఇంకా ప్రోగ్రాము చదివి వినిపించనే లేదు.

“అవును.”

“అదే. అక్షరం మధ్యలో తెగింది.”

ఇక్కడ కాస్త విడమరచాలి. నాకు అర్థమయిన దారిలోనే, అంటే పాతకాలపు బ్రాంచి దారిలో చెబుతాను.

కంప్యూటరు ఒక ఫైలును రెండు రకాలుగా చదవగలదు. మొత్తం ఒకేసారి జ్ఞాపకంలోకి ఎత్తుకోవడం ఒకటి. దోసెడు దోసెడుగా తీసుకుని, ఆ దోసెడు పని పూర్తిచేసి, తర్వాతది అందుకోవడం రెండోది. ఈ రెండో పద్ధతే స్ట్రీము. మనం చదువుకునే వైపు ఉన్నదాన్ని రీడబుల్ అంటారు, రాసే వైపు ఉన్నదాన్ని రైటబుల్ అంటారు. ఒకవైపు తీసుకుని, మార్చి, రెండోవైపు ఇచ్చేది మధ్యలో ఉంటే అది ట్రాన్స్‌ఫామ్. టెలిఫోను లాగా రెండు వైపులా నడిచేదీ ఒకటుంది, డ్యూప్లెక్స్ అని. దానితో మనకి ఇప్పుడు పని లేదు. బ్రాంచిలో కౌంటరు ముందున్న క్యూ రీడబుల్. వోచరు చూసి, సంతకం పోల్చి, పాస్ చేసే ఆఫీసరు ట్రాన్స్‌ఫామ్. డబ్బు లెక్కపెట్టి ఇచ్చే క్యాషియరు రైటబుల్. ఒక బల్లకీ ఇంకో బల్లకీ మధ్య ఉండే ట్రే ఉంది చూశారూ, దాన్ని బఫర్ అంటారు.

ఊళ్ళో జనమంతా ఒకేసారి లోపలికి వస్తే ఏ బ్రాంచీ పట్టదు. క్యూ ఉంటే చిన్న బ్రాంచి అయినా సాయంత్రానికి అందరినీ పంపించగలదు. స్ట్రీము లాభం అదే. ఫైలు ఎంత పెద్దదైనా, చేతిలో ఉండేది ఒక దోసెడే. అయితే అన్ని పనులకీ ఇది కుదరదు. ఇంటిపేర్లను అకారాది క్రమంలో పెట్టాలనుకోండి, చిట్టచివరి వరసలో ‘అ’తో మొదలయ్యే పేరు ఉండవచ్చు. అందరూ వచ్చేదాకా మొదటి పేరు ఏదో చెప్పలేం. అలాంటి పనికి మొత్తం దగ్గర పెట్టుకోక తప్పదు.

నోడ్ ఫైలును చదివేటప్పుడు మామూలుగా ఒక్కో దోసెడు 65,536 బైట్లు. బైటు అంటే 0 నుంచి 255 దాకా ఉండే ఒక అంకె అనుకోండి. కంప్యూటరుకి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటులో ఇమిడిపోతుంది. తెలుగు అక్షరానికి, యూటీఎఫ్-8 అనే ఇప్పటి పద్ధతిలో, మూడు బైట్లు కావాలి. ‘ద’ అంటే 224, 176, 166. ‘ద్ర’ అనే సంయుక్తంలో దకారం, పొల్లు, రకారం కలిసి తొమ్మిది బైట్లు.

ఇప్పుడు మూడో ఎక్కం గుర్తు చేసుకోండి. 65,536ని మూడుతో భాగిస్తే 21,845 వచ్చి ఒకటి మిగులుతుంది. అంటే వట్టి తెలుగు అక్షరాలే ఉన్న ఫైలులో మొదటి దోసెడు 21,845 అక్షరాలనూ, ఆపైన ఇంకో అక్షరంలో మూడో వంతునూ పట్టుకొస్తుంది. మిగిలిన రెండు వంతులు తర్వాతి దోసెట్లో వస్తాయి. నా ప్రోగ్రాము మొదటి దోసెడు రాగానే “దీన్ని అక్షరాలుగా చదువు” అంది. చివరనున్న ఒంటరి 224ను చూసి కంప్యూటరు ఇది ఏ అక్షరమో తేల్చుకోలేక ఒక వజ్రం పెట్టింది. రెండో దోసెడు మొదట్లో 176, 166 వచ్చాయి. వాటికి ముందున్నది ఏదో దానికి తెలియదు, కనుక ఇంకో రెండు వజ్రాలు. పెద్దమ్మ భర్త పేరుకి జరిగింది ఇదే.

మన ఫైలు ఇరవై లక్షల బైట్లకి కొంచెం తక్కువ. ముప్ఫై చోట్ల కోత పడింది. కొన్ని కోతలు అదృష్టవశాత్తూ ఖాళీ దగ్గరో, రెండు అక్షరాల మధ్యనో పడ్డాయి. పంతొమ్మిది మాత్రం అక్షరం నడుం మీద పడ్డాయి.

ఆ 224 గురించి ఒక ముచ్చట చెప్పాలి. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు 224. కన్నడానికీ 224. తమిళానికీ, ఒడియాకీ, మరాఠీ రాసే దేవనాగరికీ కూడా అదే. రెండో బైటులోనే దారులు చీలతాయి. తెలుగుకి 176 లేదా 177, కన్నడానికి 178 లేదా 179. యూనికోడ్ వారు ఈ రెంటికీ పక్కపక్క వీధుల్లో ఇళ్ళిచ్చారు, మా బళ్ళారిలో ఉన్నట్టే. కన్నడ దకారం 224, 178, 166. మొదటి అంకె ఒకటే, చివరి అంకె ఒకటే, నడిమి అంకెలో రెండు తేడా. అందుచేత మొదటి బైటు దగ్గర తెగిపోయిన అక్షరాన్ని చూసి అది తెలుగో కన్నడమో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా మూడు తరాలు బతికినవాళ్ళకి ఇది వింటే ఏదోలా ఉంటుంది.

నా తెలివితక్కువతనం ఇంకొకటి ఉంది. దోసెడు చివర వరస సగంలో ఆగిపోతుందని నేను ముందే ఊహించాను. ఆ సగం వరసను పక్కన దాచి, తర్వాతి దోసెడు మొదట్లో కలిపాను. లెడ్జరు పేజీ అడుగున క్యారీడ్ ఫార్వర్డ్ రాసి, తర్వాతి పేజీ తలమీద బ్రాట్ ఫార్వర్డ్ రాసిన చెయ్యి ఇది, ఆ అలవాటు పోతుందా? అందుకే వరసల లెక్క, కుటుంబాల లెక్క పైసాతో సహా సరిపోయాయి. వరసను ముందు పేజీకి తీసుకెళ్ళాను గానీ, అక్షరాన్ని కూడా తీసుకెళ్ళాలని తోచలేదు. అక్షరం అంటే నశించనిది అని చిన్నప్పుడు మాస్టారు చెప్పారు. అది తెగుతుందని ఎవరనుకుంటారు?

“ముందు పరీక్షించలేదా నాన్నా?”

“పరీక్షించాను. యాభై వరసలతో, ఇంగ్లీషులో.”

అమ్మాయి నవ్వలేదు, అదొక్కటే దయ. యాభై వరసలు ఒక్క దోసెట్లోనే పట్టేస్తాయి, అసలు కోతే పడదు. పైగా ఇంగ్లీషు అక్షరానికి ఉన్నది ఒకే బైటు, దాన్ని మధ్యకి తెంచడం ఎవరి తరమూ కాదు. ఇంగ్లీషులో మాత్రమే సరిచూసుకున్నవారి ప్రోగ్రాములో ఈ తప్పు ఏళ్ళ తరబడి దాక్కుని ఉండగలదు. మన పేర్లు అందులోకి వెళ్ళిన రోజున బయటపడుతుంది.

మందు మాత్రం చిన్నదే. రీడబుల్ స్ట్రీముకి మొదట్లోనే “ఇందులో ఉన్నది యూటీఎఫ్-8 రాత” అని ఒక్క మాట చెప్పి ఉంచాలి. సెట్ ఎన్‌కోడింగ్ అంటారు. అప్పుడు దోసెడు చివర సగం అక్షరం మిగిలితే దాన్ని అక్కడే పట్టి ఉంచి, మిగతా సగం వచ్చాకే కలిపి ఇస్తుంది. మన సస్పెన్స్ ఖాతాలాగా. ఎవరిదో తేలని మొత్తాన్ని అందులో ఉంచి, తేలగానే తీసి వేస్తాం కదా. ఫైలు పూర్తయ్యాక కూడా అందులో ఏదైనా మిగిలి ఉంటే, మూల ఫైలే చివర తెగి ఉందని అర్థం. ఒక్క వరస కలిపాను. పంతొమ్మిది పేర్లూ బాగయ్యాయి.

“అయినా ఇరవై లక్షల బైట్లకి స్ట్రీము దేనికి నాన్నా? మొత్తం ఒకేసారి చదివేస్తే ఈ బాధే ఉండేది కాదు” అని ఫోను పెట్టేసేముందు అంది. నిజమే. సైకిలు మోజు అన్నాను కదా.

స్ట్రీము నిజంగా కావలసి వచ్చిన పని ఆ తర్వాత ఎదురైంది. రిజిస్టర్ల పేజీలన్నీ ఫొటోలు తీయించాం. చెదలు తినేలోపు వాటి రూపమైనా మిగలాలని. అవన్నీ కట్టగట్టిన ఫైలు ఏడు గిగాబైట్లు. నా కంప్యూటరు జ్ఞాపకశక్తి నాలుగు గిగాబైట్లు. ఒకేసారి ఎత్తడం కుదరదు. రీడబుల్ నుంచి దోసెడు తీసుకోవడం, పెన్‌డ్రైవ్ మీది రైటబుల్‌కి అందించడం, ఇంతే కదా అని నాలుగు వరసలు రాసి నడిపాను. రెండు నిమిషాల్లో కంప్యూటరు బిగుసుకుపోయింది. కర్సరు కదలదు, కిటికీ మూయదు. చివరికి బటను నొక్కి ఆపేశాను.

అమ్మాయి కారణం చెబుతుంటే నాకు 1993 గుర్తొచ్చింది. అప్పుడు నేనొక తాలూకా బ్రాంచిలో కొత్తగా చేరిన గుమాస్తాని. కంప్యూటర్లు లేవు. కస్టమరు స్లిప్పు ఇస్తే లెడ్జరులో వేసి, ఇత్తడి టోకెన్ ఇచ్చి, వోచరును ఆఫీసరు ట్రేలో పడేయాలి. ఆయన పాస్ చేస్తే క్యాషియరు దగ్గరికి వెళ్తుంది. ఆ రోజు ఒకటో తారీఖు, పింఛనుదారుల రోజు. నా చెయ్యి చురుకు. పదకొండు గంటలకల్లా ట్రే నిండి వోచర్లు బల్ల మీదికి పొర్లాయి. ఆఫీసరు తలెత్తకుండానే “కాస్త ఆగవయ్యా” అన్నారు. నా ముందు క్యూ ఉంది, దాన్ని తరిమేయడమే నా డ్యూటీ అనుకున్నాను. ఆగలేదు. ఫ్యాను గాలికి కుప్ప జారి కింద పడింది. ఏరి పెట్టేసరికి ఒక వోచరు బీరువా అడుగుకి పోయిందని ఎవరూ గమనించలేదు.

ఆ వోచరు ఒక రిటైరైన బడిపంతులుగారిది. ఆయన టోకెన్ పిడికిట్లో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. నంబరు ఎప్పుడు పిలుస్తారా అని చెవి ఒగ్గి నాలుగు గంటల దాకా కూర్చున్నారు. మధ్యలో మంచినీళ్ళకి కూడా లేవలేదు, లేస్తే నంబరు దాటిపోతుందేమోనని. చివరికి దొరికింది, డబ్బిచ్చాం. టోకెన్ నా చేతిలో పెట్టినప్పుడు అది వెచ్చగా ఉంది. ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు ఇంతకాలం గుర్తుండేది కాదేమో.

నా నాలుగు వరసల ప్రోగ్రాము చేసింది సరిగ్గా ఇదే. హార్డు డిస్కు గబగబా చదివిస్తుంది. చవక పెన్‌డ్రైవ్ మెల్లగా రాసుకుంటుంది. రైటబుల్‌కి ఒక ముక్క ఇచ్చినప్పుడల్లా అది అవుననో కాదనో జవాబు చెబుతుంది. కాదంటే ఆ ముక్కను తోసేసిందని కాదు. “దీన్ని తీసుకున్నాను గానీ, నా ట్రేలో గీత దాటింది, తర్వాతది ఆపు” అని. ఆ గీత పేరు హై వాటర్ మార్క్. తుంగభద్ర డ్యాము పక్కన పెరిగినవాళ్ళకి ఈ పేరు విడమరచి చెప్పనక్కర్లేదు. 2024 ఆగస్టులో పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయిన రాత్రి మా ప్రాంతంలో ఎవరికీ సరిగా నిద్ర లేదు. నోడ్‌లో మామూలు స్ట్రీములకి ఈ గీత చాలాకాలం 16 కిలోబైట్ల దగ్గర ఉండేది, 2024లో 64కి పెంచారు. అయితే అది గీతే గాని గోడ కాదు. మీరు వినకుండా పోస్తూనే ఉంటే అది తీసుకుంటూనే ఉంటుంది, జ్ఞాపకం పొంగి యంత్రం కూలబడేదాకా. ట్రే ఖాళీ అయ్యాక రైటబుల్ “డ్రెయిన్” అని కేక వేస్తుంది. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి. ఇలా వెనక్కి వచ్చే ఆగుమనే మాటని బ్యాక్‌ప్రెషర్ అంటారు. ఆఫీసరుగారు 1993లో నాకు చెప్పినది అదే, నేను విననిదీ అదే.

ప్రతిసారీ ఆ జవాబు చూసుకునే ఓపిక లేకపోతే పైప్ అనే మాట ఉంది. రీడబుల్‌ని రైటబుల్‌కి పైప్ చేస్తే ఆగడం, సాగడం అవే చూసుకుంటాయి. ఈ గొట్టం ఆలోచన నోడ్ కంటే చాలా పాతది. 1964లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో డగ్ మెకిల్‌రాయ్ అనే ఆయన, ప్రోగ్రాములను తోటకు నీళ్ళు పెట్టే గొట్టాల్లా ఒకదానికొకటి బిగించుకునే వీలుండాలని ఒక కాగితం రాసి పెట్టాడు. తొమ్మిదేళ్ళ తర్వాత, 1973లో, కెన్ థామ్సన్ దాన్ని యూనిక్స్‌లో అమర్చాడు. తొమ్మిదేళ్ళు ఒక నోటు ఫైలులో ఉండి తర్వాత మంజూరవడం మా బ్యాంకువాళ్ళకి వింతేమీ కాదు.

పైప్‌తో ఒక చిక్కుంది. గొట్టంలో ఒకచోట తెగితే మిగతా కొసలు వాటంతటవి మూసుకోవు. తెగిన సంగతి అందరికీ చేరదు కూడా. అందుకని 2018లో నోడ్‌లో పైప్‌లైన్ అనే కొత్తది చేర్చారు. ఎక్కడ తెగినా అన్నిటినీ మూసేసి, ఇదీ జరిగింది అని ఒకేచోట చెబుతుంది. ఇప్పుడు నేను అదే వాడుతున్నాను.

ఇంకో చిన్న పొరపాటు చెప్పి ముగిస్తాను. రీడబుల్ అయిపోగానే “ఎండ్” అంటుంది. నేను ఆ మాట తెర మీద కనబడగానే పెన్‌డ్రైవ్ లాగేసి ప్రెస్సుకి పంపాను. చివరి పేజీలు తెరుచుకోవడం లేదని అక్కడి నుంచి ఫోను. ఎండ్ అంటే చదవడం అయిందని మాత్రమే. రాయడం అయితే రైటబుల్ “ఫినిష్” అంటుంది. ఆ తర్వాత కూడా కంప్యూటరుకి చెప్పి గాని పెన్‌డ్రైవ్ తీయకూడదు. బ్రాంచి షట్టరు దించగానే పనయిపోయిందని బయటివాళ్ళు అనుకుంటారు. క్యాషు సరిపోయి, వాల్టుకి రెండు తాళాలు పడేదాకా మాకు ఇల్లు లేదని నాకంటే ఎవరికి తెలుసు! తెలిసీ చేశాను.

సరిచేసిన పేజీ తీసుకుని కౌల్‌బజారు వెళ్ళాను. పెద్దమ్మ మనవడు ఇంట్లోనే ఉన్నాడు. తెలుగు బాగా మాట్లాడతాడు, చదవడం రాదు. కన్నడ మీడియం. నేనే చదివి వినిపించాను. ఆమె ‘ద్ర’ మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది.

“ఇప్పుడు బాగుండాది” అంది. వేలు మెల్లగా జరిగి ఆఖరి గడి మీదికి వెళ్ళింది. “ఈడ ఏం రాసినారు?”

“భార్య, ముగ్గురు కొడుకులు.”

“నా పేరేదప్పా?”

తెగిపోలేదు. మూల ఫైలులో లేదు, వెలిసిన సిరాతో ఉన్న రిజిస్టరులోనూ లేదు. ఎవరూ రాయలేదు. ఆమె చెబుతుంటే అక్కడే ప్రూఫు అంచున రాసుకున్నాను. గుణింతం సరిగా పడిందో లేదో రెండుసార్లు చదివించుకుని తల ఊపింది.

ఆ గడిలో వట్టి ‘భార్య’ అని ఉన్న వరసలు ఎన్నో లెక్కపెట్టడానికి ప్రోగ్రాములో రెండు వరసలు కలిపితే చాలు. ఆ రాత్రే కలిపాను. వచ్చిన అంకెను ఇక్కడ రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. అచ్చు ఆపమని ప్రెస్సువారికి చెప్పాను. ఈ సంచికతో పాటు ఒక కాగితం పెట్టాం. బళ్ళారి కుటుంబాలవారు మీ అమ్మల పేర్లు, నాయనమ్మల పేర్లు, అమ్మమ్మల పేర్లు దాని మీద రాసి పంపండి. తెలుగు రాయడం రానివారు కన్నడంలో రాయండి, నేను మార్చుకుంటాను. అదీ వీలుకాకపోతే సాయంత్రం ఆరు తర్వాత ఫోను చేసి చెప్పండి. మెల్లగా చెప్పండి, రాసుకుంటాను.